తొక్కకూడని ఫ్లెక్సీ

జూలై 7, సోమవారం

బీపీకి నడక మంచిదని డాక్టరు చెప్పాడు. సాయంత్రం గట్టు మీద నడవడం కంటే కూర్చుని డైరీ రాసుకోవడం సుఖమని నాకు నేనే మందు మార్చుకున్నాను.

ఈ రోజు ఫ్లెక్సీ చేతికొచ్చింది. నరసాపురంలో ప్రింటు చేయించాను. పెద్ద దుప్పటంత ఉంది. గడికొక అక్షరం, అ నుంచి క్ష దాకా. చుట్టూ అంచు మీద అంకెలు. దీన్ని బడిలో నేల మీద పరిస్తే పిల్లలు అక్షరం పలుకుతూ గడి మీంచి గడి మీదికి గెంతాలి. ‘పడవ’ అంటే ప మీంచి డ మీదికి, డ మీంచి వ మీదికి. నోరు, కాలు, బుర్ర మూడూ ఒకేసారి పనిచేస్తాయి. ట్రైనింగులో ఎక్కడిదో వీడియో చూపించారు, అందులోంచి ఎత్తాను. ఎత్తానని ఇక్కడ రాస్తున్నాను గానీ మేళాలో మాత్రం నా సొంత ఆలోచనే.

మేళా అంటే ఆగస్టు రెండున మండలంలోని టీచర్లందరూ తాము తయారుచేసిన బోధన సామగ్రి తెచ్చి బల్లల మీద పెట్టుకునే సంత. పోయిన ఏడాది పక్క ఊరి బడి ప్రసన్నకుమార్ సోడా మూతలు దండ గుచ్చి, పదులూ ఒకట్లూ నేర్పిస్తున్నానని చెప్పి మొదటి బహుమతి కొట్టుకుపోయాడు. సోడా మూతలు! నాకు అసూయ లేదు. అప్పటి నుంచి సోడా తాగడం మానేశాను, అంతే.

ఫ్లెక్సీ కింద కుడి మూల నా ఫొటో ఉంది. నేను అడగలేదు. షాపువాడే “ఫొటో ఏదండి?” అన్నాడు. ఫొటో లేని ఫ్లెక్సీ వాడి చేత్తో ఎన్నడూ వెయ్యలేదట. పోనీ పాపమని ఫోన్లో ఉన్నదేదో ఇచ్చాను. ఉన్నదేదో అంటే, ముందురోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా ఆవిడ సుభద్ర చేత తీయించుకున్నది. కింద ‘రూపకల్పన: మీ వెంకటరాజు’ అని వేశాడు.

మడతలు పోవాలని హాల్లో పరిచాను. సుభద్ర వంటింట్లోకి పెరటివైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళింది. కాఫీ కిటికీలోంచి అందించింది. ఏదో కోపం వచ్చినట్టుంది. అడగలేదు. అడిగితే చెబుతుంది.

జూలై 8, మంగళవారం

దివ్యంగా జరిగింది. ముందు నేనే గెంతి చూపించాను, ఈ వయసులో, ఈ పొట్టతో. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. తర్వాత సాయిదుర్గ అ నుంచి క్ష దాకా ఒక్క ఊపులో గెంతేసింది. మిగతావాళ్ళు సిగ్గుపడ్డారు. అలవాటైపోతుంది.

సాయిదుర్గ రెండో తరగతి. సత్తియ్య కూతురు. పోయిన ఏడాదంతా ‘అ’ దగ్గరే లంగరు వేసుకుని కూర్చున్న పిల్ల ఈ జూన్‌లో ఒక్కసారిగా కదిలింది. మొన్న వాళ్ళ నాన్న బోటు మీద రాసిన ‘గంగ’ అన్న పేరు తనంతట తనే చదివేసిందట. సత్తియ్య బడికొచ్చి, “మా కొంపలో అచ్చరం ముక్క వొచ్చింది ఇదొక్కతికేనండి మేస్టారూ” అంటూ కళ్ళు తుడుచుకుని, సంచీడు రొయ్యలు ఇచ్చి వెళ్ళాడు. వద్దన్నాను. గట్టిగా అనలేదు.

జూలై 9, బుధవారం

ఎవరూ గెంతలేదు. అంచు మీద అంకెలు మాత్రం దడదడలాడిస్తూ తొక్కుతున్నారు. తొక్కుడుబిళ్ళ అలవాటు కాబోలు. అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని, గోదారి గట్టు మీద నడిచినట్టు జాగ్రత్తగా చుట్టూ తిరిగి వెళుతున్నారు. అచ్చిబాబు బొటనవేలు పొరపాటున ‘స’కి తగిలింది. వెంటనే వంగి, ‘స’ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

“ఒరేయ్, అది ప్లాస్టిక్‌రా. ఫ్లెక్సీ షాపులో పుట్టింది, సరస్వతీదేవి దగ్గర కాదు” అన్నాను. అందరూ ఎంతో వినయంగా విన్నారు. విని, లేచి, మళ్ళీ చుట్టూ తిరిగే వెళ్ళి కూర్చున్నారు.

జూలై 10, గురువారం

వీడియో కోసం సాయిదుర్గ చేతే గెంతించాను. మొత్తం రెండు సార్లు, మొదటిసారి నా వేలు అడ్డొచ్చింది కాబట్టి. టీచర్ల గ్రూపులో పెట్టాను. ఎంఈవో గారు బొటనవేలు గుర్తు పెట్టారు. ప్రసన్నకుమార్ కూడా పెట్టాడు, చాలా ఆలస్యంగా.

జూలై 14, సోమవారం

సాయిదుర్గ రాలేదు. జ్వరమట. శనివారం వానలో పిల్లలందరూ తడిశారు.

జూలై 17, గురువారం

వచ్చింది. పలక ముట్టుకోలేదు. ‘గ’ చూపిస్తే నేల చూపులు చూసింది. నీరసమేమో.

జూలై 18, శుక్రవారం

నీరసం కాదు. మధ్యాహ్నం అన్నం బాగా తిని, తొక్కుడుబిళ్ళ ఆడింది. పలక ఇస్తే మాత్రం చేతులు వెనక్కి పెట్టేసుకుంది. “ఏమైందే తల్లీ?” అన్నాను. పక్కన కూర్చునే దుర్గాశ్రీ చెప్పింది.

“దానికింక సదువు రాదండి మేస్టారూ. అచ్చరాలు తొక్కేసింది కదండి. వోళ్ళ మామ్మ చెప్పిందండి.”

క్లాసంతా తలలూపింది. సాయిదుర్గ కూడా ఊపింది. చదువు రాదని ఎవరో రోడ్డు మీద పోయేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు ఊపింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూఢనమ్మకాల మీద బెల్లు కొట్టేదాకా ఉపన్యాసం ఇచ్చాను. బాగా ఇచ్చాను. చప్పట్లు కొట్టమంటే కొట్టారు. సాయిదుర్గ పలక మాత్రం సంచిలోనే ఉంది.

జూలై 21, సోమవారం

బడి అయ్యాక సత్తియ్య వాళ్ళ ఇంటికి వెళ్ళాను. సత్తియ్య వేటకి పోయాడు. వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ అరుగు మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. లేచి, పీట వేసి, కొంగుతో తుడిచింది. మర్యాదకేం లోటు లేదు.

“ఏంటమ్మా, పిల్లకి అలా చెప్పావట?”

“లేకపోతే జొరం ఎందుకొచ్చిందండి?”

“వానలో తడిసింది కదమ్మా.”

“అందరూ తడిసేరు గదండి. దీనికే ఎందుకొచ్చింది?”

నా డీఎడ్‌లో ఈ ప్రశ్నకి జవాబు లేదు.

“పోనీ మీరు తొక్కేరాండి?” అంది.

“ఆయ్, తొక్కాను. అందరి ముందూ తొక్కాను.”

“మీరు అంచు మీద అంకెలు తొక్కేరంట గదండి. అచ్చరం మీద కాలు పెట్టలేదంట. పిల్లలే చెప్పేరు.” ఇలా అని చేప తిరగేసింది. “టీ తాగుతారాండి?”

టీ తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి ఎనిమిదో తారీఖున రాసుకున్నది మళ్ళీ చదివాను. ‘దివ్యంగా జరిగింది.’ సిగ్గులేకపోతే సరి. సరే, ఎవడు చూడొచ్చాడు, నిజం రాస్తాను. ఆ రోజు ‘అ’ మీద కాలెత్తాను. కాలు దిగలేదు. గాల్లోనే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తోచక దాన్ని పక్కనున్న ఒకటి మీద పెట్టాను. తర్వాత రెండు, మూడు, నాలుగు. నోరు మాత్రం అ, ఆ, ఇ, ఈ అంటోంది. మూల తిరిగేటప్పుడు మడమ ‘ఋ’కి తగిలింది. నా కుడిచెయ్యి నన్నడక్కుండానే కిందికి పోయి, పైకొచ్చి, కళ్ళకి తగిలింది.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసింది అదే. సాయిదుర్గ ఒక్కతే చూడలేదు. ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. నేను చెప్పింది విన్నది గానీ చేసింది చూడలేదు. నమ్మి గెంతేసింది.

సుభద్రకి చెప్పాను. “మొదటిరోజే నేను చుట్టూ తిరిగి వెళ్ళాను కదండీ. మీకు అర్థమవుతుందనుకున్నాను” అంది.

“కోపం వచ్చిందనుకున్నాను.”

“అదీ వచ్చింది. హాలంతా పరిస్తే రాదా మరి?”

జూలై 25, శుక్రవారం

ఎంఈవో గారి ఫోన్. “మీ ఐటం బాగుందండి వెంకటరాజు గారూ. మేళాలో లైవ్ డెమో పెట్టండి. వీడియోలో ఉన్న పాపని తీసుకురండి.”

తొక్కేది ఆ పిల్ల ఒక్కతే. అడగను. చచ్చినా అడగను.

జూలై 28, సోమవారం

అడిగాను.

చాక్లెట్ కొని మరీ అడిగాను. పిల్లే కాళ్ళా వేళ్ళా పడి గెంతుతానన్నా నాలాంటివాడు ఒప్పుకోకూడదు. అయినా అడిగాను. మొదటి బహుమతి అంటే ఏంటో నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తెలియదు, ఆ దాహం అలాంటిది.

“మేళాకి వస్తావా అమ్మా?”

“వస్తానండి.”

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. “అక్కడ అందరి ముందూ గెంతాలి మరి. గెంతుతావా?”

“గెంతుతానండి. నాకెలాగూ సదువు రాదు కదండి. మళ్ళీ ఇంకోళ్ళది ఎందుకండి పోవడం? నేనే తొక్కుతానండి.”

చాక్లెట్ సగం విరిచి నాకు పెట్టింది.

జూలై 29, మంగళవారం

సగం చాక్లెట్ చొక్కా జేబులో కరిగిపోయింది. సుభద్ర తిట్టింది. తిట్టనీ.

ఆగస్టు 2, శనివారం

ఒక్కడినే వెళ్ళాను. పాపకి ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పాను. ఈ నెల రోజుల్లో నేను చెప్పినవాటిల్లో కాస్త మంచి అబద్ధం ఇదే.

ఫ్లెక్సీ హాలు మధ్యలో పరిచాను. ఇక చూడాలి తమాషా. మండలంలో ఉన్న ఎంఏలూ ఎమ్మెస్సీలూ బీఈడీలూ అందరూ వచ్చారు, ‘అద్భుతం అండి, వినూత్నం అండి’ అన్నారు, చుట్టూ తిరిగి వెళ్ళారు. ఒక్కడు అడుగు వేస్తే ఒట్టు. జడ్జిగా వచ్చిన పెద్దాయన బూటు అంచు ‘హ’కి తగిలింది. ఎవరూ చూడలేదనుకుని చటుక్కున వంగి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత లేచి, “మరి డెమో?” అన్నాడు.

“పాప రాలేదండి.”

“అయితే మీరే చూపించండి.”

నవ్వాను. ఇంకా నవ్వాను. అప్పుడు ప్రసన్నకుమార్ వచ్చి, “నేను చేస్తానుండండి వెంకటరాజు గారూ” అని చెప్పులు విప్పాడు. మంచివాడే అనిపించింది. ఫ్లెక్సీ అంచు దాకా వెళ్ళి, నిలబడి, ‘అ’ వంక చూసి, వెనక్కొచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. “మోకాలు బాగోలేదండి” అన్నాడు.

మొదటి బహుమతి వాడికే. ఈసారి ఐస్‌క్రీం పుల్లలు. నాకు ప్రశంసాపత్రం, స్టీలు డబ్బా. అవి వచ్చినవాళ్ళందరికీ ఇచ్చారు.

ఆగస్టు 3, ఆదివారం

చేపల కోసమని చెప్పి రేవుకి వెళ్ళాను. సత్తియ్య కనబడితే ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాను, ఏమీ తేలలేదు. వెళ్ళేసరికి బోటు బయల్దేరుతోంది. సత్తియ్య వంగి, బోటు ముందుకొసని ముట్టుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, కాలు లోపల పెట్టాడు. వెనకున్నవాళ్ళూ అంతే. ముట్టుకోవడం, కళ్ళకద్దుకోవడం, తొక్కడం. పక్కనే రాసి ఉంది, గంగ అని.

ఈ ఊళ్ళో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. రోజూ చూస్తూనే ఉన్నాను. చూడలేదన్నమాట.

బుట్ట పట్టుకుని నిలబడ్డ పెద్దింట్లమ్మని అడిగాను. “బోటు గంగమ్మతల్లి అంటారు కదమ్మా. మరి దాని మీద కాళ్ళు పెట్టి నిలబడతారు, అన్నం తింటారు, పడుకుంటారు. తప్పు కాదూ?”

“అడిగి ఎక్కుతారు గదండి. అడక్కుండా తొక్కితే తప్పు గానీ.”

“అయితే నేను కూడా ఇప్పుడు అడగొచ్చా?”

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “నాకేం తెలుసండి, సదువుకున్నోరు మీరు” అంది. బుట్ట నడుం మీదికి మార్చుకుని, “ఎప్పుడడుగుతారు?” అంది.

ఇంటికొచ్చాను. “చేపలేవండీ?” అంది సుభద్ర.

ఆగస్టు 4, సోమవారం

ప్రార్థన అవగానే ఫ్లెక్సీ పరిచాను. ఈసారి సాయిదుర్గ వచ్చేదాకా ఆగాను. గుమ్మంలో పెద్దింట్లమ్మ చేపల బుట్ట దింపుకుని నిలబడింది. పిలవలేదు, వచ్చింది.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. కూర్చోవడానికే కొంతసేపు పట్టింది. ‘అ’ని రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. “తల్లీ, పిల్లల చదువు కోసం కాలు పెడుతున్నాను. అప్పుడు అడక్కుండా పిల్ల చేత తొక్కించాను. ఆ తప్పు నాది, దానిది కాదు” అన్నాను. పైకే అన్నాను. మొన్న మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చింది కూడా ఈ నోరే. కానీ రాస్తున్నాను కదా, ఆ మాటలు నటన కాదు.

లేచి ‘అ’ మీద కాలు పెట్టాను. భయమేసింది. ‘ఆ’. ‘ఇ’. గెంతుతూ పోయాను. ‘ఠ’ దగ్గర ఇసకకి కాలు జారి, పడబోయి నిలదొక్కుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ‘క్ష’ దగ్గర ఆగేసరికి ఆయాసంతో కళ్ళు తిరుగుతున్నాయి. నడవమని డాక్టరు చెప్పింది నిజమే.

“సదువు పోయిందాండి?” అంది దుర్గాశ్రీ.

“మీరే చూడండి” అన్నాను. పుస్తకం తెచ్చారు, చదివాను. గోడ మీద మధ్యాహ్న భోజనం మెనూ చూపించారు, చదివాను. క్యాలెండరు చదివాను. వాళ్ళకి నమ్మకం కుదరలేదు. “అవన్నీ మీకు ముందే వొచ్చండి. కొత్తది రాసి చూపించాలండి” అన్నాడు అచ్చిబాబు. నిజమే, పరీక్ష అంటే అలాగే ఉండాలి.

ఎవరు రాయాలా అని చూస్తున్నారు. సాయిదుర్గ లేచింది. సంచిలోంచి పలక తీసింది. అందరికంటే ఆ జవాబు కావల్సింది దానికే. వీపు తిప్పుకుని చాలాసేపు గీసింది. తీసుకొచ్చి నా మొహం ముందు పెట్టింది.

చూశాను. ఏదో ఉంది. చుట్టలు చుట్టుకుని, పలకంతా పాకి, తోకలు తిరిగి ఉంది. పక్కకి తిప్పాను. తలకిందులు చేశాను. అమ్మ తోడు, తెలియలేదు. చెమటలు పట్టాయి. ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను గానీ ఈ పిల్ల దగ్గర ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు.

“తెలియడం లేదమ్మా” అన్నాను.

“అమ్మో!” అంది క్లాసంతా. గుమ్మంలో పెద్దింట్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు అక్కడికక్కడే మునిగిపోయింది.

సాయిదుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గబగబా నా దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినబడకుండా చెవిలో చెప్పింది.

“ఝ అండి మేస్టారూ. ఝషం ఝ. బెంగెట్టుకోకండి, మీకు మళ్ళీ నేను చెప్తానండి.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఎలాగూ పరువు పోయింది.

“నీకెలా తెలుసే? నువ్వు కూడా తొక్కావు కదా?” అన్నాను.

“ఆయ్, తొక్కేనండి.”

“మరి పోలేదేం?”

తన కాళ్ళ వంక చూసుకుంది. పలక వంక చూసింది. మామ్మ వంక చూసింది. పెద్దింట్లమ్మ కొంగు తీసి, “మేస్టారు ఇప్పుడు అడిగేరు గదే, సరిపోయింది” అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. సాయిదుర్గ పలక తుడిచేసి, మళ్ళీ ‘ఝ’ రాసి, ఈసారి కాస్త పెద్దగా రాసి, నాకు చూపించింది. ఇప్పుడూ అలాగే ఉంది. “ఝ” అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఈసారి కొట్టమని నేను చెప్పలేదు.

ఆగస్టు 12, మంగళవారం

ఇప్పుడు రూలు పిల్లలదే. వంగి ముట్టుకోవాలి, కళ్ళకద్దుకోవాలి, అప్పుడు గెంతాలి. మర్చిపోయినవాడు ఆట నుంచి అవుట్. ఈ వేళ రెండుసార్లు నేనే అవుట్.

అక్షరాలేవీ చెక్కుచెదరలేదు. నా ఫొటోకి మాత్రం ముక్కు, ఒక చెవి పోయాయి. ఫొటోకి దండం పెట్టి తొక్కాలని ఎవరూ రూలు పెట్టలేదు. గెంతి గెంతి చివరికి అందరూ దిగేది అక్కడే, ఇసక కాళ్ళతో.

మధ్యాహ్నం సాయిదుర్గ ‘క్ష’ మీంచి ఒక్క దూకు దూకి, రెండు కాళ్ళూ నా మొహం మీద వేసి దిగింది. ఆయాసపడుతూ కిందికి చూసింది. కాలు కొంచెం జరిపింది. వేలితో చూపించుకుంటూ మొదలుపెట్టింది. ‘రూపకల్పన’ జోలికి పోలేదు.

“మీ... వెం... క... ట... రా... జు.”

అది ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరూ నేర్పలేదు. పిల్ల తల ఎత్తి నన్ను చూసింది, మళ్ళీ కిందికి చూసింది.

“మేస్టారూ, ఇది మీరేనాండి?”

“ఆయ్, నేనేనమ్మా.”

“ఇందులో బాగున్నారండి.”

దిగమని చెప్పలేదు. అక్కడే నిలబడి ఇంకోసారి చదవమన్నాను.